మూడు నక్షత్రాల చీటీ

డిసెంబరు శుక్రవారం, ఉదయం తొమ్మిది.
టాంపెరేలో అప్పటికింకా తెల్లవారలేదు.
ఐలి వెహ్మాస్ కొత్త ఆల్బమ్ నాలుగు పెట్టెల్లో వచ్చింది,
పెట్టెకి పది రికార్డులు.
అట్ట మీద ఆమె లేదు.
ఖాళీ ఈతకొలను, నీలం పలకలు,
గట్టు మీద ఎవరో మరిచిపోయిన తువ్వాలు.

పేపర్లో టోర్స్టి కల్లియో అప్పటికే పెదవి విరిచాడు:
"ఊరంతటినీ ఆడించిన పిల్ల
ఇప్పుడు ఫ్రిజ్ పక్కన నిలబడి గొణుగుతోంది.
మాట తెలియదు, వెనకాల నాసిరకం సింథ్ మోత."
రాజధాని పత్రిక అయిదుకి రెండిచ్చి చేతులు దులుపుకుంది.
ఇంకెవరో "సాహసం" అన్నారు.
సాహసమంటే ఏమిటో అమ్మేవాళ్ళకి తెలుసు,
అమ్ముడుపోదని మర్యాదగా చెప్పడం.

మా షాపులో ఒక అలవాటు:
కొత్త రికార్డు మీద చిన్న చీటీ అంటిస్తాం.
రెండు ముక్కలు, కొన్ని నక్షత్రాలు, కింద రాసినవాళ్ళ పేరు.
నేను రెండు పాటలు విన్నాను.
మూడోది సగంలో ఉండగా కాఫీ పొంగింది.
స్టవ్ తుడిచి వచ్చి రాశాను:
"చల్లగా ఉంది. పాత ఐలి కావలసినవాళ్ళు పాతవే కొనుక్కోండి.
మూడు నక్షత్రాలు. హిల్లా."
నలభై సార్లు అదే రాత,
ఇరవయ్యోదానికే అది నా అభిప్రాయమైపోయింది.

శనివారం ఒక కుర్రాడు తిరిగి తెచ్చాడు.
"ఇందులో డ్యాన్స్ ఎక్కడుంది?" అన్నాడు,
పారేసుకున్న తాళంచెవి గురించి అడిగినట్టు.
డబ్బిచ్చి పంపాను.

సోమవారం రైమో వచ్చాడు, మంచు ఊడ్చే బండి నడుపుతాడు.
బూట్ల నుంచి నేలంతా నీళ్ళు.
"నాలుగో పాటలో టిక్కు టిక్కుమంటుందే,
నా బండి ఎడమ ఇండికేటరు సరిగ్గా అంతే.
రాత్రి మూడింటికి రోడ్డు మీద నేనొక్కణ్ణే.
ఇప్పుడు అవసరం లేకపోయినా వేస్తున్నాను."
రెండు కొన్నాడు.
రెండోది ఎవరికో నేనడగలేదు.

సిర్క్కా కొనడానికి రాలేదు.
అట్ట చూసి ఆగింది, అంతే.
ముప్పై ఏళ్ళు ఆ కొలను గట్టున ఈల మెళ్ళో వేసుకుని నడిచిన మనిషి.
"మూసేసిన రాత్రి ఈ అమ్మాయి వచ్చింది.
నీళ్ళు పోయే గొట్టం దగ్గర మైకు పెట్టి
ఆరు గంటలు కూర్చుంది. పలకరిస్తే తల ఊపింది.
ఏడో పాటలో ఆ మోత యంత్రం కాదు,
మా కొలను ఖాళీ అవడం."

ఆ రాత్రి షట్టరు దించి, దీపాలార్పి, మొత్తం విన్నాను.
మాట తెలియదన్నది నిజమే.
నీళ్ళలో తల ముంచినప్పుడు
గట్టు మీంచి ఎవరో పిలుస్తారు,
అది మన పేరేనని తెలుస్తుంది,
అక్షరాలు మాత్రం అందవు.
అలా పాడింది.
ఏడేళ్ళప్పుడు నేను మొదటిసారి తల ముంచింది అక్కడే.
కల్లియో ముంచాడో లేదో తెలియదు.
అయినా కాఫీ పొంగనిచ్చినదాన్ని, అతన్నేమంటాను?

నెలాఖరుకి ముప్పై ఒకటి పోయాయి.
హిట్టని ఎవరూ అనరు.
మిగిలినవాటి చీటీలు పీకేద్దామనుకున్నాను.
మొదటి చీటీతో పాటు కొంచెం నీలం లేచి వచ్చింది,
ఒక పలక ఊడిన చోట తెల్లటి అట్ట.
ఆపేశాను.
తక్కిన ఎనిమిదింటి మీదా నక్షత్రాలు అలాగే ఉంచి
కింద ఒక ముక్క చేర్చాను:
"ఇది రాసేటప్పటికి పూర్తిగా వినలేదు."

చిరిగినదాన్ని నేనే కొనుక్కున్నాను,
ఉద్యోగుల తగ్గింపు అడగకుండా.